తగ్గకముందే చెప్పిన సాక్ష్యం

లక్సెట్టిపేట దగ్గరి మా ఊళ్ళో నేను ఆశా కార్యకర్తను. కాన్పుకు భయపడే కోడళ్ళను, సూది పేరెత్తితే పెరట్లోకి మాయమయ్యే ముసలాళ్ళను నచ్చజెప్పి దవాఖానకు తీసుకుపోవడం నా పని. పన్నెండేళ్ళుగా ఎంతోమందిని ఒప్పించాను. నా తల ప్రాణం తోకకు తెచ్చింది మాత్రం నన్ను కని, నాతోనే ఉండే మా అవ్వ.

ఎడమ రొమ్ములో గడ్డ ఉందని నాకు చెప్పడానికే ఆమెకు రెండు నెలలు పట్టింది. అలాంటి గడ్డలుంటే ఎలా తడిమి చూసుకోవాలో ఊళ్ళో ఆడవాళ్ళందరికీ నేర్పేదాన్ని నేనే. ఇంట్లో మనిషి మాత్రం కొంగు చాటున దాచుకుని తిరిగింది. కరీంనగర్ తీసుకుపోయి పరీక్షలు చేయించాను. ఒక శుక్రవారం డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి, క్యాన్సరే, ఇంకా పాకలేదు, వచ్చే వారం కాక ఆ పై మంగళవారం వచ్చి చేరండి, మర్నాడు ఆపరేషన్ చేస్తాను, ఆలస్యం చేస్తే నా చేతుల్లో ఉండదు అంది. తిరుగు బస్సులో ధర్మపురి దగ్గర మంచినీళ్ళు ఇస్తే అవ్వ తల అడ్డంగా ఊపింది.

ఆదివారం వచ్చింది. మా చర్చి మందిరంలో పాటలయ్యాక సాక్ష్యాలుంటాయి. ప్రభువు మేలు చేసినవాళ్ళు లేచి అందరి ముందూ చెప్పాలి. మా దగ్గర ఇంకో అలవాటు కూడా ఉంది. మేలు ఇంకా జరగకపోయినా జరిగిపోయినట్టే చెబితే అది గొప్ప విశ్వాసం అంటారు. ఉద్యోగం రాకముందే వచ్చిందన్నవాళ్ళు, పొలం కేసు తేలకముందే గెలిచామన్నవాళ్ళు మా సంఘంలో ఉన్నారు. వాళ్ళతో నాకు పేచీ లేదు. కానీ ఆ రోజు లేచింది మా అవ్వ.

"అందరికి వందనాలు. నా రొమ్ముల గడ్డ అయ్యింది. డాక్టరమ్మ కోస్తనన్నది. నిన్న మోకాళ్ళ మీద కూసొని ఏడ్సిన. ప్రభువు ముట్టిండు. గడ్డ పోయింది. ఇగ నాకు దవాఖానతోని పనే లేదు" అంది.

చప్పట్లు మోగిపోయాయి. నేను మాత్రం కొట్టలేదు.

ఇంటికి రాగానే తలుపు వేసి, "ఏది, చూడనియ్యి" అన్నాను. చెయ్యి పెడితే గడ్డ అక్కడే ఉంది.

"ఇదేందవ్వా మరి?"

"కరుగుతాంది."

"కరుగుడేంది? మొన్న నిమ్మకాయంత ఉండె, ఇయ్యాల గూడ నిమ్మకాయంతనే ఉన్నది! నీకు భయమైంది. భయానికే విశ్వాసమని పేరు పెట్టినవ్."

"ఔ, నీకు మస్తు తెలుసు. కోసేది నిన్నా, నన్నా?"

నాకు ఒళ్ళు మండిపోయింది.

మర్నాటి నుంచి మా ఇంటికి ఆడవాళ్ళ రాకపోకలు మొదలయ్యాయి. అవ్వ చేతులు తమ తలల మీద పెట్టించుకుని ప్రార్థన చేయించుకుంటున్నారు. ఆమె వద్దనలేక, కళ్ళు గట్టిగా మూసుకుని గొణుగుతోంది. వాళ్ళు పోయాక నా మీద పడింది. "ఇప్పుడు దవాఖానకు పోతె గీళ్ల ముంగట నా మొఖం ఎట్ల పెట్టుకోవాలె? నా సంగతి సరే, దేవుని ఇజ్జత్ ఏంగావాలె?"

"దేవుని ఇజ్జత్ దేవుడే జూసుకుంటడు. నీ ఫికర్ నువ్వు చెయ్యి" అని అరిచాను.

పాస్టరయ్య దగ్గరికి పోయాను. నెలనెలా నా సంచిలోంచి బీపీ గోలీలు తీసుకునే మనిషి కదా, అర్థం చేసుకుంటాడనుకున్నాను. "నేను చెప్పమనలే గదమ్మా. ఆమె విశ్వాసాన్ని నేనెట్ల ఆపుత?" అన్నాడు, ఎంతో నెమ్మదిగా. ఆ నెమ్మదికే నాకు ఇంకా మండింది.

గురువారం షుగర్ మందులు ఇవ్వడానికి మా సంఘంలోనే ఒకామె ఇంటికి వెళ్ళాను. కాలి మీద మానని పుండు ఉంది ఆమెకు. గోలీలు చేతిలో పెట్టబోతే వెనక్కి నెట్టింది. "నాకొద్దు. ఆదివారం సంది ఏస్కుంటలేను. మీ అవ్వకు గడ్డనే పోయింది, నా షుగరెంత?"

ఇంటికి ఎలా వచ్చానో తెలియదు. అవ్వ గడపలో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. జరిగింది చెప్పి, "రేపు ఆమె కాలు తీసేస్తే జవాబు ఎవరు చెప్తరు? నువ్వా, నీ సాక్ష్యమా?" అని దులిపేశాను. అవ్వ చాట పక్కన పెట్టి లోపలికి పోయి మోకరించింది. నేను కోపం తీరక గిన్నెలన్నీ చప్పుడు చేస్తూ తోమాను.

చాలాసేపటికి వచ్చి నా పక్కన కూర్చుంది. కళ్ళు వాచి ఉన్నాయి.

"యేసయ్యకు గూడ భయమైంది బిడ్డా. సిలువ ఎక్కే ముందటి రాత్రి తోటల చెమటలు కారంగ ప్రార్థన చేసిండు. నాకు భయం లేదని చెప్పుకునేటందుకు నేనేమన్న ఆయనకంటె పెద్దదాన్నా? గిన్ని దినాలు తగ్గియ్యి తగ్గియ్యి అని సతాయించిన. ఇయ్యాల, భయమైతాంది, చెయ్యి పట్టుకో అన్న. గంతే."

నేను తోమిన గిన్నెలను చప్పుడు కాకుండా బోర్లించాను.

ఆదివారం సాక్ష్యాల సమయంలో అవ్వ లేచింది. పక్కనున్న ఇనుప స్తంభాన్ని పట్టుకుంది. ఇంకో మేలు వినబోతున్నామని అందరూ ముందే "స్తోత్రం" అన్నారు.

"పోయిన వారం నేను అబద్ధం చెప్పిన" అంది. "గడ్డ ఉన్నది. కత్తి అంటె భయమై అట్ల చెప్పిన. నా మాట పట్టుకొని మందులు బంద్ చేసినోళ్లు ఉన్నరట. ఏస్కోండ్రి. తప్పు నాది, దేవునిది గాదు."

ఎవరో నాలుక చప్పరించారు. మొన్న అవ్వ చేతులు తల మీద పెట్టించుకున్న ఆడవాళ్ళు ముసుగులు సర్దుకుంటూ నేల చూశారు. పాస్టరయ్య కళ్ళద్దాలు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. కూర్చుంటుందేమో అనుకున్నాను. కూర్చోలేదు.

"నా కోసం ప్రార్థన చేయుండ్రి. గడ్డ కరగాలని గాదు. మంగళారం నేను బస్సెక్కాలని."

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. వారం రోజులు ఆ మనిషిని పిరికిదని తిట్టాను. నేనైతే అంతమంది ముందు లేచి ఆ మాట అనగలిగేదాన్ని కాదు.

మంగళవారం పొద్దున బస్సు వచ్చింది. నేను సంచులతో ముందు ఎక్కి సీటు పట్టుకున్నాను. అవ్వ మొదటి మెట్టు మీద కాలు పెట్టి ఆగిపోయింది. వెనకవాళ్ళు తొందర పెడుతున్నారు, కండక్టర్ అరుస్తున్నాడు. భయపడకు అని ఊరందరికీ చెప్పే నేను, ఆ మాట నోటి దాకా వచ్చినా మింగేశాను. అవ్వ రెండో మెట్టు ఎక్కింది. కడ్డీలు ఒక్కొక్కటీ పట్టుకుంటూ నా సీటు దాకా వచ్చింది.

"మస్తు భయమైతాంది బిడ్డా" అంది. "జర జరుగు, కూసుంట."