మువ్వ కట్టిన ఇటుకల జీపు

మొన్న చౌటుప్పల్‌లో కిరాయి గది ఖాళీ చేస్తుంటే, అటక మీది అట్టపెట్టె అడుగు ఊడి అందులోంచి ఒక ప్లాస్టిక్ చక్రం కింద పడింది. నిమ్మకాయంత చక్రం. పడ్డది పడ్డట్టు ఉండకుండా నెమ్మదిగా దొర్లుకుంటూ గది దాటి, మంచం కిందికి పోయి, గోడకు తగలకముందే ఆగింది. నేను భయపడే రకం కాదు. మంచం కింద చెయ్యి పెట్టకపోవడానికి కారణం నడుము నొప్పి. ఈ వయసులో నడుము నొప్పేమిటని అడిగితే, ఆ చక్రాన్ని చూస్తే వస్తుందని చెప్తాను. మొత్తానికి చీపురుతో దాన్ని బయటికి లాగేసరికి సాయంత్రమైంది.

అది ఒక ఇటుకల జీపుది. పిల్లలు ఒకదాని మీద ఒకటి నొక్కి ఇళ్లు కట్టుకునే ప్లాస్టిక్ ఇటుకలు ఉంటాయి కదా, వాటితో చేసినది. మోటారుతో నడుస్తుంది, ఫోను మీద వేలు పెట్టి నడపాలి. దాని యజమాని మా మేనత్త కొడుకు, అంటే నాకు బావ. కరోనా వెళ్లిపోయిన తర్వాత ఇద్దరం ఒకే మందుల ఫ్యాక్టరీలో ఒకే షిఫ్టు చేస్తూ, ఒకే గదిలో ఒకే బకెట్‌తో కాపురం చేసేవాళ్లం. డబ్బా మీది బొమ్మలో కొండ ఎక్కిన ఆ జీపు మా గది గడప ఎక్కలేకపోయింది. పెళ్లి సంబంధం తప్పిపోయినప్పుడు కూడా బావ అంత బాధపడలేదు. ఆ రోజు నుంచి దాన్ని విప్పడం, కట్టడం, మళ్లీ విప్పడం. చిన్న పళ్ల చక్రం పెద్ద పళ్ల చక్రాన్ని తిప్పేలా గేర్లు మార్చాడు. వేగం చచ్చింది, బలం వచ్చింది. నడినెత్తిన ఉన్న బ్యాటరీని ముందు ఇరుసు దగ్గరికి, కిందికి దించాడు. ఎత్తు ఎక్కేటప్పుడు మూతి లేపి వెల్లకిలా పడడం మానేసింది. వెనక ఇరుసు అటూ ఇటూ ఊగేలా కట్టాడు, ఒక చక్రం రాయెక్కినా రెండోది నేల వదలకుండా. టైర్లకు సైకిల్ ట్యూబు ముక్కలు తొడిగాడు. తలుపులు, సీట్లు, అద్దాలు అన్నీ బరువని పీకేశాడు. చివరికి డ్రైవరు ఒక్కడు మిగిలాడు. బొటనవేలంత మనిషి, పసుపుపచ్చ ముఖం, ఎటు తిప్పినా చెరగని నవ్వు. రాత్రి లైటు తీసేముందు వాణ్ని గోడవైపు తిప్పి పడుకునేవాణ్ని. గాలి కోసమే.

"వీన్ని గూడ పీకెయ్ బావా, బరువే గదా" అన్నాను ఒకసారి.

"డ్రైవర్ లేకుండ బండెట్ల పోతదిరా?" అన్నాడు బావ, ఎంతో మామూలుగా. తర్వాత ఒక చెక్కను నిటారుగా నిలబెట్టినంత పని చేసి, జీపును దాని మీద సగం ఎక్కించి, ఫోను పక్కన పెట్టేశాడు. "సూడు, ఏలు తీసిన. జారుతాందా? గీ గేరుకు కరెంటు లేకుంటే ఇంచు గూడ కదలదు. మన మేనేజర్ లెక్క." నిజంగానే అది బల్లిలా అంటుకుని నిలబడింది. చేత్తో నెట్టినా చక్రాలు తిరగలేదు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. నేను మర్చిపోదామని చాలా ప్రయత్నించాను.

ఆ ఎండాకాలంలోనే దేవరకొండ దగ్గరి మా పల్లె నుంచి చిన్నాయన ఫోన్ చేశాడు. మా ఇంట్లో గొర్రెల మంద చిన్నాయనది, చిన్నాయన మీద పెత్తనం వాళ్లమ్మది, మా అవ్వది. ఏటా కుంటలు ఎండే వేళకు మందను కృష్ణ ఒడ్డుకు తోలుకుపోతారు. మంద మనిషి వెంట నడవదు, ముందు నడిచే పొట్టేలు మెడలోని గంట వెంట నడుస్తుంది. ఆ పెద్ద గంట తాత కట్టినది. తాత పోయాక పొట్టేళ్లు మారాయి కానీ గంట మారలేదు. ఆ ఏడు ఒక మధ్యాహ్నం పొట్టేలు గుట్ట మీది బండల్లోకి పోయి మళ్లీ కనబడలేదు. గంట మాత్రం వినబడుతోంది.

"అవ్వ కదుల్తలేదురా" అన్నాడు చిన్నాయన. "కుంటల బురద తప్ప సుక్క లేదు. లోపల గంట మోగుతాంది, పొట్టేలు బతికున్నది, దాన్ని ఇడిసి రానంటది. ఇంకో వారం గిట్లనే ఉంటే మంద మొత్తం సస్తది. గా అల్లునికి ఏదో బొక్కలల్ల దూరే బండున్నదన్నవ్ గదా, తెమ్మను."

"అవ్వకు చెవులు మోగుతున్నయేమో చిన్నాయనా. నువ్వైతే విన్నవా?"

చిన్నాయన గొంతు తగ్గించాడు. "ఇన్న" అన్నాడు.

ఆదివారం బస్సెక్కాం. జీపు ముందు భాగాన బావ ఒక చిన్న కెమెరా బిగించాడు, దుకాణాల్లో గల్లాపెట్టె మీద పెట్టుకునే రకం. వెనక నైలాన్ తాడు కట్టాడు. అదే ముడికి ఒక ఇనుప కొక్కెం. లోపల ఏదైనా తగిలితే బరువు ప్లాస్టిక్ మీద కాకుండా తాడు మీద పడాలని లెక్క. కండక్టరు ఒళ్లోని జీపును, అందులో నవ్వుతున్న డ్రైవర్ను చూసి, "గీయనకు టికెట్ వద్దుగని, ఎటు పోతున్నడట?" అన్నాడు. మాకూ తెలియదన్నాను. అది జోకనుకున్నాడు.

గుట్ట ఎక్కేసరికి మిట్టమధ్యాహ్నం. నీడలు కాళ్ల కిందికి దూరిపోయే వేళ. మంద తుమ్మచెట్ల కింద తలలు ఒకదాని పొట్ట కింద ఒకటి పెట్టుకుని పడుకుంది. ఏనుగుల్లాంటి రెండు బండలు ఒరుసుకున్న చోట, గొర్రె వంగి దూరేంత, మనిషి పట్టనంత సందు. దాని ముందు అవ్వ కూర్చుని ఉంది, ఇంట్లోంచి ఎవరో వస్తారన్నట్టు. ఎండకు రాళ్లు చిటపటమంటున్నాయి. అప్పుడు వినబడింది, చాలా లోపలి నుంచి. టంగ్. చాలాసేపటికి మళ్లీ, టంగ్. నడిచే జీవం మెడలో గంట గలగలమంటూ మోగుతుంది. ఇది ఆలోచించుకుని మోగుతోంది.

"గాలి" అన్నాడు బావ. "పైన బండ వేడెక్కితే లోపలికెల్లి గాలి తిరుగుతది."

అతను మాట్లాడింది సైన్సే. కాకపోతే చాలా మెల్లగా మాట్లాడాడు.

అవ్వ జీపును ఎత్తి చూసింది. "లోపలికి పోయేది గిదా? మూగగనే పోతదా? ముందు వొయ్యేదానికి సప్పుడుండాలె బిడ్డా" అంటూ పక్కనున్న గొర్రెపిల్ల మెడలోంచి మువ్వ విప్పి జీపు నెత్తికి కట్టింది. కొత్త మోటార్‌సైకిల్‌కు నిమ్మకాయ కట్టించుకున్నంత బుద్ధిగా ఇద్దరం తలూపాం. గొర్రెల ఇంట్లో పుట్టిన నలుగురం అక్కడ ఉన్నాం. మందకు ఎదురుగా, ముందు పోయేదానికి మువ్వ కడితే ఏమవుతుందో ఒక్కరికి తట్టలేదు.

జీపు రాళ్ల మీద ఒక్కో చక్రం ఎత్తి పెడుతూ సందులోకి దూరింది. మువ్వ గల్లుగల్లుమంది. తాడు నా చేతిలో ఉంది. బావ ఫోన్లో చూస్తున్నాడు: ఇసుక, గబ్బిలాల పెంట, రాతి గోడ. పెద్ద గంట ఆగిపోయింది. వినడానికి ఆగినట్టు. అప్పుడు నా వీపు మీద ఏదో వెచ్చగా ఊపిరి వదిలింది. తిరిగి చూస్తే మంద మొత్తం లేచి మా వెనక నిలబడి ఉంది. ఒక్కటి కూడా మే అనలేదు. అన్ని కళ్లూ ఆ సందులోకే. ముందున్నవి నన్ను మోకాళ్లతో పక్కకు జరుపుతూ సందువైపు నడిచాయి.

"అరె ఆపుండ్రా! మువ్వ ఎంబడి పోతున్నయ్!" చిన్నాయన గొంగడి విసిరి సందుకు అడ్డం పడ్డాడు. అవ్వ కర్ర అడ్డం పెట్టింది. లోపలికి దూరితే ఒక్కదానికీ వెనక్కి తిరిగే చోటుండదు. నేను రెండు కాళ్లు చాపి, తాడు వదలకుండా కూర్చున్నాను. జీవితంలో గొర్రెలకు గేటుగా పనిచేసింది ఆ ఒక్కసారే.

"దొరికింది" అన్నాడు బావ. ఫోన్లో వేర్ల మధ్య మెడ పట్టెడకు వేలాడుతున్న గంట, జీపుకు కొంచెం ముందు. పొట్టేలు లేదు. ఆ వెంటనే తెర మీది బొమ్మ నిలిచిపోయింది. సిగ్నల్ పోయిందని ఫోను చెప్పింది. బావ రెండు మూడుసార్లు నొక్కి, నాకేం సంబంధం లేదన్నట్టు రెండు చేతులూ పైకెత్తాడు. ఫోను బండ మీద ఉంది.

మువ్వ ఆగలేదు. గల్లు, గల్లు. నా అరచేతిలోంచి తాడు లోపలికి పోతోంది. గుంజినట్టు కాదు, జారినట్టు కాదు. అదే ఓపికైన నడక, ఒక్కో రాయి ఎక్కి దిగుతూ.

"బావా, నడుపుతున్నవా?"

"లేదు" అన్నాడు. తాడును చూస్తూ, "లోపల పల్లమున్నట్టున్నది" అన్నాడు. కరెంటు లేకుంటే కదలని మేనేజర్ సంగతి ఇద్దరికీ గుర్తొచ్చింది. ఇద్దరం ఎత్తలేదు.

తాడు బిగిసింది. కొక్కెం దేన్నో పట్టింది. అవ్వ "గుంజు" అంది. గుంజాను. లోపల ఏదో ఫట్‌మని విరిగింది. తర్వాత తేలిగ్గా వచ్చేసింది. కొక్కేనికి తెగిన పట్టెడ, దానికి తాత గంట. ముడిలో ఇరుక్కుని జీపు వెనక ఇరుసు, ఒకే ఒక చక్రంతో. మిగతా జీపు, డ్రైవరు, మువ్వ లోపలే.

అవ్వ పట్టెడ తెగిన చోట వేలు పెట్టి చాలాసేపు తడిమింది. అంచుల్లో ఉన్ని పోగులు, ఎండిన నెత్తురు. "తెంపుకొని లోతుకు వోయిందిరా. అది ఎన్నడో వోయింది. నేనే గంటను వట్టుకొని ఊగుతున్న." గంటను కొంగుతో తుడిచి, మందలోంచి ఒక పడుచు పొట్టేలును పట్టుకుని దాని మెడకు కట్టింది. "తెల్లారి పోదాం, సర్దుండ్రి" అంది చిన్నాయనతో. పొట్టేలు తల విదిలించింది. గంట గలగలమంది. మంద మొత్తం, మాతో పనైపోయినట్టు, సందువైపు వీపు తిప్పింది.

లోపలి నుంచి మువ్వ ఇంకా సన్నగా వినబడుతోంది. బావ సందులోకి వంగి చూశాడు. "పోనియ్ కొడుకా" అంది అవ్వ. "దానికి తొవ్వ తెలిసినట్టున్నది."

మరుసటి తెల్లవారుజామున మంద కృష్ణకు కదిలింది. ఒక్క గొర్రె కూడా చావలేదు. బావ ఇప్పుడు వేరే ఊళ్లో, వేరే ఉద్యోగంలో, పెళ్లాంతో ఉన్నాడు. ఆ గేరు సంగతి ఎత్తితే సిగ్నల్ లేదంటాడు. చిన్నాయన మాత్రం ఏటా మందను ఆ దారినే తోలుకుపోతూ ఫోన్ చేస్తాడు: "మీ బండి బాగనే ఉన్నదిరా. మల్ల ఇనవడ్డది. పోయినేటికంటే జర దూరంల." ఆ బ్యాటరీ ఒక పూట కూడా రాదని చెప్పాలనిపిస్తుంది. చెప్పింది బండి ఆరోగ్యం గురించి కాబట్టి, సంతోషమని చెప్పి పెట్టేస్తాను.

చక్రాన్ని కొత్త గదికి తెచ్చుకున్నాను. కిటికీలో పెట్టి, దొర్లకుండా రెండు వైపులా రెండు రాళ్లు పెట్టాను. దుమ్ము పడకుండా అని చెప్తున్నాను. గడిచిన రోజులకూ అలాంటి గేరే ఏదో ఉండి ఉంటుంది. మనం వేలు తీసేసి, ఫోను పక్కన పెట్టి, పెట్టెలో సర్దేసి చాలా ఏళ్లయినా, లోపలెక్కడో అవి ఒక్కో రాయి ఎక్కి దిగుతూ, గల్లుమంటూ, ఇంకొంచెం దూరం పోతూనే ఉంటాయి.