సన్యాసిరావు జాగ్రత్త

అరకులో టూరిస్టుల కోసం మట్టిగుడిసెలు కట్టించి అద్దెకిచ్చే సన్యాసిరావుకి జాగ్రత్త ఎక్కువ. వాకిలి కడిగే ప్రెషర్ వాషర్ పట్టాలంటే గమ్‌బూట్లు, గ్లౌజులు, కళ్లద్దాలు, ఆపైన హెల్మెట్టు ఉండాల్సిందే. తడిచేత్తో ప్లగ్గు ముట్టడు. జోరుగా నీళ్లు చిమ్మే దాని గన్ను మనుషులవైపు తిప్పడు. కోడి అడ్డొచ్చినా ఆపేస్తాడు. ఆ ఉదయం ఓ గుడిసె ఎర్రమట్టి గోడమీద దుమ్ము అతని కంటపడింది. ఆ గోడ అలికిన రత్న పరిగెత్తుకొచ్చింది. "బాబూ, అది మట్టిగోడ! గుడ్డతో తుడిసేత్తాను." "దూరంగా నిలబడు, కంట్లో పడతాది," అని కసిరి ట్రిగ్గర్ నొక్కాడు. గోడ రాగి అంబలిలా జారిపోయింది. లోపల మంచంమీద కొత్త దంపతులు దుప్పటి గడ్డందాకా లాక్కుని కేకపెట్టారు. సన్యాసిరావు గన్ను పక్కకి తిప్పి, హెల్మెట్టు సర్దుకుని, నిదానంగా అన్నాడు: "భయపడకండి సార్, సేఫ్టీ లాకు వేసేశాను."