అగ్నిశిఖ ఫోటో కింద నేను రాసిన మాట

మా పై పోర్షన్ సారు పోయి పన్నెండు రోజులైంది. గుండె ఆగిందని వాళ్లావిడ మెట్ల మీద నిలబడి చెప్పినప్పుడు నాకు ఏడుపు కంటే ముందు భయం వేసింది. నలుగురిలో చెప్పాల్సిన మాట ఒకటి రెండేళ్లుగా దాటవేస్తూ వచ్చాను. ఆయన బతికుండగా చెప్పాల్సిన మాట అది.

సారు ల్యాబులో టెక్నీషియన్‌గా చేసి రిటైరయ్యారు. ప్రతి ఆదివారం పొద్దున ఆరింటికి పాత డిజిటల్ కెమెరా మెళ్లో వేసుకుని నాచారం బండరాళ్ల వైపు, ఓపికుంటే ఉప్పల్ దాకా నడిచేవారు. తోడు నేను. ఒకే మొక్కను ఎండల్లో, వానల్లో, చలిలో, అదే చోట నిలబడి ఫోటో తీసేవారు. ఎంత ఎత్తో తెలియాలని చెప్పు ఒకటి విడిచి మొక్క పక్కన పెట్టేవారు. పల్లేరుకాయల మధ్య ఒంటికాలి మీద ఊగుతున్న ఆయన్ని చూసి నేను నవ్వితే, "నవ్వు బిడ్డా. స్కేలైతే ఇంట్ల మర్చిపోతం, చెప్పు మర్చిపోతమా?" అనేవారు. నేను పువ్వు చూసి ఏదో చెప్పబోతే ఆపేవారు. "పువ్వొక్కటి జూసి మాట్లాడకు. కాయ జూడు, ఎండినంక జూడు. అప్పుడు గూడ జర తక్కువనే చెప్పు."

తక్కువ చెప్పే రకాన్ని కాదు నేను.

రెండేళ్ల కిందటి వానాకాలంలో ఒక ఖాళీ ప్లాటు ముళ్లకంచె మీద అగ్నిశిఖ పూసింది. ఎరుపూ పసుపూ కలిసిన ఆ పువ్వును ఫోటో తీసి, లొకేషన్‌తో సహా మా కాలనీ వాకింగ్ గ్రూపులో పెట్టాను. అక్కడితో ఊరుకున్నా బాగుండేది. ఫోన్లో ఎక్కడో చదివిన ముక్క కింద తగిలించాను: దీని గడ్డ కషాయం మోకాళ్ల నొప్పులకు మంచిది. నా మాటెవరు నమ్ముతారని, 'మా సారు చెప్పారు' అని కూడా రాశాను. ఆయన అలాంటిదేమీ చెప్పలేదు. గ్రూపులో ఉన్నా తెరిచి చూసేవారే కాదు. గ్రూపులో మెచ్చుకోళ్లు వరసగా వచ్చాయి. పొంగిపోయాను.

మరుసటి ఆదివారం వెళ్లేసరికి తీగ పీకేసి ఉంది, కింద గొయ్యి. సారు అలవాటుగా చెప్పు విడిచి గొయ్యి పక్కన పెట్టి, లోపల చేత్తో తడిమి చూశారు.

"గడ్డ తవ్వుకపోయిన్రు. ఇదెందుకు ఎవరికన్న?"

నేను ఫోన్ చూపించాను. చదివి, ఫోన్ తిరిగి నా చేతిలో పెట్టారు.

"ఇది విషం బిడ్డా. మనిషి పోతడు."

తిట్టలేదు. తిట్టినా బాగుండేది. నేను వెంటనే గ్రూపులో 'తినకండి, విషం' అని పెట్టాను. ఎవరూ పలకలేదు. సారు ప్లాటు వాచ్‌మన్‌ని అడిగితే, "గంటైంది సార్. రైల్వేల రిటైరైనాయన లేడా, వెనక గల్లీల? ఆయనే తవ్విండు" అన్నాడు. సారు పరుగెత్తారు. డెబ్బై దాటిన మనిషి, కాలికి ఒక్క చెప్పే ఉందని కూడా చూసుకోలేదు.

ఆ ఇంటి తలుపు తీసే ఉంది. స్టవ్ మీద గిన్నె. కుర్చీలో ఆ ఇంటావిడ, చేతిలో గ్లాసు. సారు గ్లాసు లాక్కున్నారు.

"ఎంత తాగినవమ్మా?"

"రెండు గుక్కలు. ఏందన్నా, గట్ల గుంజుకుంటవు?"

మధ్యాహ్నానికి దవాఖానాలో ఆమెకు వాంతులు మొదలయ్యాయి. ఏం గడ్డ అని డాక్టరమ్మ అడిగితే సారు కెమెరాలో ఏళ్లుగా తీసిన అగ్నిశిఖ ఫోటోలు తెరిచారు. చిగురు, పువ్వు, కాయ, ఒక ఏడు వానకు మట్టి కొట్టుకుపోయి బయటపడ్డ గడ్డ. అన్నిటి పక్కనా ఆయన చెప్పు. డాక్టరమ్మ ఒక్కొక్కటీ పెద్దది చేసి చూసి లోపలికి వెళ్లింది. ఆ తర్వాత మూడు రోజులు ఎటూ తేలలేదు. ఆ మూడు రోజులూ నేను అన్నం ముట్టలేదని చెప్పను. తిన్నాను. ఏం తిన్నానో తెలియదు.

నాలుగో రోజు గండం గడిచిందన్నారు. అప్పుడు ఆమె భర్త వరండాలో సారును పట్టుకున్నాడు. "మందని మీరే చెప్తిరి, విషమని మీరే అంటిరి. గిట్ల ఎవరన్న చేస్తరా సార్?"

నేను నోరు తెరవబోయాను. సారు నా చెయ్యి నొక్కారు.

"తప్పయింది అన్నా. నాదే."

ఇంటికొస్తూ ఎందుకలా చెప్పారని అడిగాను. "నువ్వింక శానా ఏండ్లు వీళ్ల నడుమ తిరగాలె. నాకేంది" అన్నారు. కాదనాల్సింది. ఊరుకున్నాను, సిగ్గు లేకుండా. తర్వాత గ్రూపులోంచి ఆయన్ని తీసేశారు. వెనక 'విషం సారు' అనేవారు. ఎదురైతే కొందరు రోడ్డు దాటి పోయేవారు. ఆయన మాత్రం ఆదివారం ఆరింటికి నా తలుపు కొట్టేవారు. ఆ సంగతి మళ్లీ ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఎత్తకపోవడం నాకు హాయిగా ఉండేది. ఇప్పుడు రాస్తుంటే నా మీద నాకే కోపం వస్తోంది.

నిన్న ఆయన దినాలకు కొద్దిమందే వచ్చారు. ఆ భార్యాభర్తలూ వచ్చి గుమ్మం దగ్గరే నిలబడ్డారు. ఎవరో మెల్లగా, "మంచోడే గని, ఆ గడ్డ ముచ్చటనే..." అంటున్నారు.

"అది సారు చెప్పలే" అన్నాను. గొంతు పెద్దగానే వచ్చింది. "నేను రాసిన. ఆయన పేరు నేనే పెట్టిన. అప్పుడు ఆయనకు తెల్వనే తెల్వదు."

ఆ రోజు కషాయం తాగినావిడ నన్నే చూసింది.

"రెండేండ్లు నేనాయనకు మొహం తిప్పుకుంటి. నువ్వెట్ల ఊకున్నవమ్మా?"

ఆమె నన్ను దాటుకుని లోపలికి వెళ్లింది. ఎవరో కుర్చీ తెస్తే వద్దంది. మోకాళ్లు వంగని మనిషి, గోడ పట్టుకుని, పళ్లు బిగబట్టి కొంచెం కొంచెంగా వంగుతూ, ఆయన ఫోటో ముందు నేల మీద కూర్చుంది.