ఇస్రాయేలు తెచ్చిన కప్పలు

ఇస్రాయేలుకు యాభై ఎనిమిదేళ్లు. తెలంగాణ వచ్చిన మరుసటేడు జడ్చర్ల అవతల మా పాముల సంరక్షణ కేంద్రంలో చేరాడు. అప్పటి నుంచి గూళ్లు కడుగుతూనే ఉన్నాడు. గేటు కాపలా నాది, పాముల పని అతనిది. ఎండకు మగ్గడం మాత్రం ఇద్దరిదీ. రెండు బస్సులు మారి వచ్చేసరికే మనిషి సగమైపోయేవాడు. మోకాళ్లు పట్టుకుని నా బెంచీ మీద కూలబడేవాడు. కాసేపటికి తనే లేచి పోయేవాడు.

ఆ ఉన్న కాస్త ఓపికా ఒక జెర్రిపోతు కోసమే. ట్రాక్టరు కింద పడి నడుము దెబ్బతిన్న పాము అది. బయట వదిలితే బతకదని ఇక్కడే ఉంచారు. పట్నం నుంచి తెప్పించే తెల్ల ఎలుకల్ని అది నెలకొకటి ముడితే గొప్ప.

"ముసలోళ్లకు నోరు సప్పబడ్తది. దానికి గూడ గంతే అన్నా" అనేవాడు ఇస్రాయేలు. పోయిన వానాకాలమంతా పొద్దున్నే పొలం గట్ల మీద వంగి కప్పలు పట్టి, టిఫిన్ డబ్బాలో వేసుకుని బస్సెక్కాడు. డబ్బా బెకబెకమంటే పక్కవాళ్లు లేచి నిలబడేవాళ్లట. కూర్చునే జాగా దొరికిందని పిచ్చోడికి సంబరం. జెర్రిపోతు కప్పల్ని కమ్మగా మింగేది. మిగిలినవి పక్క గూళ్లలో పెట్టేవాడు.

దసరా దాటాక జెర్రిపోతు బక్కచిక్కిపోయింది. తిన్నది తిన్నట్టే కక్కేది. పశువుల డాక్టరమ్మ ప్రియాంక వచ్చి, ఉన్న ఆరు పాముల పెంటనూ మైక్రోస్కోపులో చూసింది.

"ఐదింటికి కడుపుల పురుగులున్నయి. ఈ ఎలుకలతోని ఇన్ని రావు. బయటి తిండి ఎవరన్న పెట్టిన్రా?"

నేను ఇస్రాయేలు కాలు తొక్కాను. బయటి తిండి పెడితే ఉద్యోగం ఊడుతుందని మా అందరికీ తెలుసు. అతడు కాలు లాక్కున్నాడు.

"నేనే పెట్టిన మేడం, కప్పలు. ఆకలితోని సస్తదని."

ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"పొలాల కప్పల పొట్టల పురుగులుంటయి కాకా. బయట తిరిగే పాము తట్టుకుంటదేమో. దెబ్బతిని గూట్ల పడున్నది ఎట్ల తట్టుకుంటది?" అని, ఐదింటికీ నులిపురుగుల మందు తాగించింది.

నాలుగు తేరుకున్నాయి. జెర్రిపోతు మూడో రోజు పొద్దున చుట్ట చుట్టుకున్నది చుట్టుకున్నట్టే ఉండిపోయింది. ఇస్రాయేలే గుంత తవ్వాడు. నేను పార అందుకోబోతే ఇవ్వలేదు. నాకు ఏడుపొచ్చింది, అతనికి రాలేదు.

మధ్యాహ్నం డాక్టరమ్మ కాగితం రాసుకుంటూ అడిగింది. "నాగుపాము ఒక్కదానికే ఏం లేదు కాకా. దానికి పెట్టలేదా కప్పలు?"

"లేదు మేడం. అది ఓసారి నా మొఖం మీదికి ఎగిరింది. దాని మీద నాకు ప్రేమ, పాయిరం లేకుండె." ఇస్రాయేలు మట్టి చేతులు లుంగీకి తుడుచుకున్నాడు. "దీని మీద గూడ లేకుంటే ఇయ్యాల బతికుంటుండె."