రామాంజనేయులు సారు సూది

మా కాలేజీలో ఫిజిక్స్ చెప్పే రామాంజనేయులు, బాన్సువాడ కాలువ నీళ్లను నమ్ముకుని కృష్ణా జిల్లా నుంచి వచ్చిన రైతు కొడుకు. ఆయన మాత్రం బురదలో కాలు పెట్టి ఎరగడు. 2008లో హైదరాబాదు శిక్షణకు వెళ్లి, ఏదో యంత్రపు సూది పిచ్చితో తిరిగొచ్చాడు.

కంటికి కనపడని పరారుణ కాంతి పడితే, దాన్ని పీల్చుకున్న చోట పదార్థం వేడెక్కి రవ్వంత ఉబ్బుతుందట. ఆ ఉబ్బును సూదిమొన తడిమి, వెంట్రుక మందంలో వెయ్యోవంతు చోట ఉన్నది కొవ్వో మాంసకృత్తో చెప్పేస్తుందట. ఇంతా చేసి ఆయన చూసింది తెర మీద బొమ్మే. మా ల్యాబులో రెండు మైక్రోస్కోపులకు అద్దాలు లేవు. ఆ సంగతెత్తితే ఆయనకు గిట్టదు.

మేమంతా తప్పించుకు తిరగడంతో ఆయనకు మిగిలిన శ్రోత ల్యాబు ఊడ్చే సోమ్లి. తండాలో ఆమెకు ఎకరం పొలం. ఆ ఏడు కోతల్లో వాన పడి విత్తనపు వడ్లు తడిశాయి.

"సారూ, నా వడ్లు మొలుస్తయో లేదో గా సూదికి తెలుస్తదా? లేకుంటే తడిగుడ్డల మూటగట్టి చూస్త" అంది.

"తడపమాకు! నీళ్లు ఆ కాంతిని మింగేస్తాయి. రిపోర్టు వచ్చేదాకా ఒక్క గింజ కూడా తడపొద్దు."

నలభై గింజలు కవరులో పెట్టి హైదరాబాదుకు, అక్కణ్నుంచి ఏదో దేశానికి పంపించాడు. గుడ్డలో మూడు రోజుల్లో తేలే ముచ్చట అది. కెమిస్ట్రీ చెప్పే నాకు తెలియక కాదు. పక్క బల్ల మనిషితో తగువెందుకని నోరు మూసుకున్నాను. ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

యాసంగి పంటకు కాలువ వదిలారు. సోమ్లి తప్ప తండా అంతా నార్లు పోసింది.

"కాగితమొచ్చిందా సారూ?" అని సోమ్లి రోజూ అడిగేది.

"సైన్సులో తొందర పనికిరాదమ్మా" అనేవాడు. ఈలోగా 'వరిగింజ గుట్టు' అని నిజామాబాదులో ఉపన్యసించి శాలువా కప్పించుకొచ్చాడు. ఆ ఫోటో బల్ల మీద పెట్టుకున్నాడు.

ఫిబ్రవరి నెలాఖరున కాగితం వచ్చింది. గింజలో కొవ్వు, మాంసకృత్తులు ఉన్నాయట.

"మరి మొలుస్తదా?"

"అది చెప్పే పరీక్ష కాదిది. అసలు ఆ సూది..." అంటూ మళ్లీ మొదలుపెట్టాడు.

సోమ్లి వినకుండా వెళ్లిపోయింది. నాలుగో రోజు తడిమూట తెచ్చి ఫోటో పక్కన విప్పింది. గింజ గింజకీ తెల్లటి మొలక.

"మంచి వడ్లే సారూ. అదునే పోయింది. నా ఎకరం నాటు లేక పడావు పడ్డది."

రామాంజనేయులు ఒక మొలకను గోటితో పైకెత్తి, మురిపెంగా తిప్పి చూశాడు.

"బ్రహ్మాండంగా ఉన్నాయి" అన్నాడు నాతో. "వీటిని ఆరబెట్టి పంపిద్దామంటారా?"