పెద్దబాపు వదిలేసిన గడ్డి

లేదు, ఆ గడ్డి ఆవుల కోసం కాదు. ఆయనకు ఆవులే లేవు. పోయి పన్నెండు రోజులైన మా పెద్దబాపు గురించి చెబుతున్నాను. మా బాపుకు అన్న. నిన్న దినాల్లో అందరూ ఆయన గురించి నాలుగు మాటలు చెప్పారు. నేను చెప్పలేకపోయాను. అందుకే ఫోన్‌లో రాస్తున్నాను.

ఇబ్రహీంపట్నం నుంచి రావిర్యాల పోయే దారిలో ఆయనకు రెండెకరాల చెల్క, అంటే ఎర్రమన్ను మెట్టచేను, ఉంది. చుట్టూ అందరూ ప్లాట్లు చేసి అమ్ముకున్నారు. ఆయన దున్నడం కూడా మానేసి గడ్డి పెరగనిచ్చాడు. వాన నీళ్లు ఆగేలా అడ్డంగా రాళ్లు పేర్చాడు. దారిన పోయేవాళ్లు బండి ఆపి మరీ అడిగేవాళ్లు.

"ఏం తాతా, పాములను సాదుతున్నవా?"

"అవ్, నీకొకటి కావాల్నా?"

పోయిన ఎండాకాలం నేనొక తప్పు చేశాను. వానలకు ముందు చేన్లో ఎండుగడ్డి కాల్చడం మా దగ్గర అలవాటు. ఆయనకు పని తగ్గుతుందని ఒక మూల అంటించాను. ఆయన ఉరికొచ్చాడు; ఆయన తువ్వాలతో, నేను వేపకొమ్మతో కొట్టి ఆర్పాం. తిడతాడనుకున్నాను. పోయి చెంబుతో నీళ్లు తెచ్చాడు. కాలిన చోట సగం పోస్తే, బూడిదతో కలిసి పక్కకు జారిపోయాయి. మిగతావి గడ్డి మొదట్లో పోశాడు. చప్పుడు లేకుండా ఇంకిపోయాయి.

"చూసినవా? గడ్డి ఉన్నకాడ మన్ను తాగుతది."

"గంతేనా?"

"గాలిల పొగ ఎక్కువై ఎండలు ముదురుతున్నయంటరు గదా. గడ్డి గా పొగను గుంజుకొని వేర్లల్ల, మన్నుల దాస్తది. దున్నితే, కాలిస్తే మల్ల గాలిలకే పోతది."

"దాచినట్టు నీకెట్ల తెలుసు?"

ఆయన పక్క ప్లాటు నుంచి పిడికెడు, గడ్డి కింద నుంచి పిడికెడు మన్ను తీసి నా రెండు చేతుల్లో పెట్టాడు. ప్లాటుది ఎర్రగా, గరుకుగా ఉంది. ఆయనది నల్లగా, చల్లగా ఉంది.

"గిట్ల నల్లవడనీకి ఎన్నేండ్లు వట్టింది?"

"నువ్వు పుట్టకముందు షురూ చేసిన."

ఎంత పొగ దాచిందని కూడా అడిగాను. "నాక్కూడ గది తెల్వదు" అన్నాడు. తెలియదని చెప్పడానికి ఆయన సిగ్గుపడేవాడు కాదు. అందుకే ఆయన్ని ఏదైనా అడగగలిగేవాణ్ని.

నిన్న దినాల అన్నం ఆకులో కాకిపిట్టకు పెట్టడానికి ఆ చేన్లోకే పోయాం. ప్లాట్లు చేసే ఆయన కూడా వచ్చాడు. "ఒక్కదినం డోజర్ పెడితే సాఫైతది" అన్నాడు. పెద్దబాపుకు ఒక్కతే బిడ్డ, నాదర్‌గుల్‌లో ఉండే అక్క. భూమి ఇప్పుడు ఆమెదే. ఆమె నా వైపు తిరిగింది.

"గీ గడ్డిల ఏమున్నదిరా? బాపు ఎన్క తిరిగినోనివి నువ్వే గదా, చెప్పు."

ఆకు పక్కన చెంబులో నీళ్లు మిగిలి ఉన్నాయి. సగం ప్లాటు రోడ్డు మీద పోశాను, సగం గడ్డిలో. అక్క కూర్చుని గడ్డి మొదట్లో అరచెయ్యి పెట్టి వెతికింది.

"నీళ్లేవిరా?"

ఆ చెయ్యి అక్కడే ఉంచి, ప్లాట్ల ఆయనతో "రేపు చెప్త" అంది. రేపంటే ఇవాళే. ఇంకా చెప్పలేదు.

మీ ఇంటి ముందు చెంబెడు నీళ్లు పోస్తే ఎటు పోతాయి?