ముళ్లు లేని ములికి

మా మేనమామ పోయాడు. మొన్న బుధవారం, పట్టపగలు, జూబ్లీ హిల్స్‌లోని తన ఇంట్లో, తన మంచం మీద. పేపర్లో ఫొటో వేయించలేదు, ఆయనకు అలాంటివి గిట్టవు. సినిమావాళ్లు కొందరు వచ్చి దండలు వేసి, ఆయన చేసిన విల్లంబుల గురించి నాలుగు మంచి మాటలు చెప్పి కార్లెక్కారు. బంధువులు మాత్రం దినాల్లో నన్ను ఒక్కొక్కరే పక్కకు పిలిచి ఒకే మాట అడిగారు. "హాస్పిటల్ల ఉంచితే ఇంకొన్ని దినాలు ఉంటుండె గదా, ఎందుకు తీస్కొస్తివే ఇంటికి?"

అందరికీ విడివిడిగా జవాబు చెప్పే ఓపిక నాకు లేదు. పైగా నా నోరు అంత మంచిది కాదు, ఎవరినో ఒకరిని ఏదో ఒకటి అనేస్తాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఆయన కోరుకున్నది ఒక్కటే. పోయేటప్పుడు ఎక్కువసేపు నలగకూడదు. ఆ ఒక్కటీ ఆయనకు దక్కాలని నేను పట్టుబట్టాను. ఎందుకు పట్టుబట్టానో తెలియాలంటే మీకు బాణాల సంగతి కొంచెం చెప్పాలి.

మా మామది ములుగు వైపు అడవి పక్క ఊరు. వయసులో ఉన్నప్పుడు పర్మిట్ తీసుకుని వేటకు వెళ్లేవాడు. తోటివాళ్లంతా తుపాకులు పట్టుకుంటే ఈయన విల్లు పట్టాడు. తుపాకీ చప్పుడుకి తలనొప్పి వస్తుందట! అడవి జంతువుల చట్టం వచ్చాక విల్లు అటకెక్కించి హైదరాబాదు చేరాడు. మద్రాసు నుంచి సినిమావాళ్లు ఒక్కొక్కరే ఇటు మారుతున్న రోజులవి. జూబ్లీ హిల్స్‌లో అప్పటికి ఇళ్లకంటే బండలే ఎక్కువ. ఆ బండల మధ్యనే ఇల్లు కట్టుకొని, వెనక ఒక రేకుల షెడ్డు వేసి, పౌరాణికాలకు విల్లులు, బాణాలు, గదలు చేసి కిరాయికి ఇచ్చేవాడు. మా అమ్మ పోయాక ఇంటర్ చదవడానికి నేను ఆ ఇంటికే వచ్చాను. నాన్న ఉద్యోగరీత్యా ఊళ్లు తిరుగుతుండేవాడు. నాకు కాలేజీ ఫీజు కట్టింది, జ్వరమొస్తే తడిగుడ్డ వేసింది, పెళ్లిలో కాళ్లు కడిగి కన్యాదానం చేసింది అన్నీ మామే.

వచ్చిన కొత్తలో నేను ఎవరితోనూ మాట్లాడేదాన్ని కాదు. అమ్మ ఎనిమిది నెలలు మంచంలో నలిగి నలిగి పోయింది. ఆ సంగతి ఎవరైనా ఎత్తితే లేచి వెళ్లిపోయేదాన్ని. మామ ఎత్తలేదు. ఆదివారం పొద్దున షెడ్డులోకి పిలిచి, ముందు ఒక స్టూలు వేసి, బాణాల కొసలకు పెట్టే ఇనుప ములుకులు నా ఒళ్లో పోశాడు.

"చెప్పు బిడ్డా, దుప్పికి ఏది ఏస్తవు?"

నాకేం తెలుసు? బాగా వెడల్పుగా, చూడ్డానికి దర్జాగా ఉన్నది ఒకటి తీసి చూపించాను.

"షాబాష్. దుప్పికి చర్మం పల్చన. ఎడల్పుది పెద్ద గాయం చేస్తది, నెత్తురు జల్ది పోతది, ప్రాణం జల్ది పోతది. మరి కణితికి?"

కణితంటే దుప్పి కంటే చాలా పెద్ద జింకని అప్పటికి నాకు తెలియదు, మళ్లీ అదే చూపించాను.

"ఆఁ, గీడనే అందరు బోల్తా పడేది! కణితి జబ్బ బొక్క గట్టిది. గింత ఎడల్పుది బొక్కకు తాకి ఆగిపోతది. దానికి సన్నగ, బరువుగ, రెండే అంచులున్నది కావాలె. అడవిపందికైతే ఇంకా బరువుది. దాని జబ్బ మీద తోలు చెప్పు అట్ట లెక్కుంటది."

ములికి పదును చూడ్డానికి ఆయన బొటనవేలి గోరు మీద ఆనించేవాడు. అంచు గోరును పట్టుకుంటే పదును ఉన్నట్టు, జారితే లేనట్టు. జారినదాన్ని పక్కన పడేసి, "గిది కొయ్యది, చింపుతది. కోస్తే జంతువుకు తెల్వనే తెల్వది, చింపితే సచ్చేదాంక తెలుస్తది" అనేవాడు. వంటింట్లోంచి అత్తమ్మ అరిచేది. "పొద్దుగాల పొద్దుగాల ఆ సావు ముచ్చట్లేందయ్యా ఆడపిల్లతోని! ఉప్మా సల్లారిపోతుంది, రాండ్రి!" మేం నవ్వుకుంటూ వెళ్లేవాళ్లం. అమ్మ పోయాక నేను మొదటిసారి నవ్వింది ఆ షెడ్డులోనే.

ఆయన వేట గొప్పలు చెప్పుకునే మనిషి కాదు. చెప్పిన కథ ఒక్కటే, అది కూడా ఓడిపోయిన కథ. ఒకసారి దుప్పుల కోసమని వెడల్పు ములుకులు పెట్టుకొని బయలుదేరాడు. వాగు దగ్గర కణితి ఎదురైంది. అంత దగ్గరగా కణితి మళ్లీ దొరకదని ఆశపడి, సంచిలో సన్నవి ఉన్నా మార్చే తీరిక లేక, చేతిలో ఉన్నదే వేసేశాడు. గురి తప్పలేదు. కానీ ములికి జబ్బ ఎముకకు తగిలి అక్కడే ఆగిపోయింది. జంతువు బాణంతోనే పరుగెత్తింది. నెత్తురు చుక్కలు చూసుకుంటూ వెంట పడితే, మర్నాడు పొద్దెక్కాక ఒక మడుగులో కనిపించింది. అప్పటికీ ఊపిరి ఉంది.

"అది నా దిక్కు చూడలే బిడ్డా," అన్నాడు. "నీళ్ల దిక్కే చూసుకుంట ఉన్నది. నన్ను చూసి కుమ్మనీకి లేస్తే బాగుండు అనిపించింది. రాత్రంత దానికి ఎట్ల గడిచిందో నాకు ఎరుకే గదా."

ఇది చెప్పాక చాలాసేపు ఆకురాయి మీద చేతిలోని ములికిని ఊరికే అటూ ఇటూ రుద్దాడు. నేను మా అమ్మ గురించి ఆ రోజు ఆయనకు చెప్పాను. చివర్లో అమ్మ ఎలా మూలిగేదో, నేను చెవులు మూసుకొని ఎలా పడుకునేదాన్నో అంతా చెప్పాను.  ఆయన లేచి వెళ్లి నాకు చాయ్ తెచ్చాడు.

ఇక ఆయన మొండితనం గురించి ఫిల్మ్‌నగర్‌లో పాతవాళ్లను అడగండి, కథలు కథలుగా చెబుతారు. క్యాలెండర్ బొమ్మల్లో బాణం ములికికి వెనక్కి తిరిగిన ముళ్లుంటాయి, చూసే ఉంటారు. ఆర్ట్ డైరెక్టర్లందరికీ అవే కావాలి, తెర మీద భయంకరంగా కనిపిస్తాయని. మామ చచ్చినా చెయ్యడు. దిగిన బాణాన్ని జంతువు రాల్చుకోలేదు, కదిలినప్పుడల్లా ముళ్లు లోపల చీలుస్తూనే ఉంటాయి, అలాంటిది పెట్టేవాడు వేటగాడే కాదంటాడు. ఒకసారి కోస్తా వైపు నుంచి వచ్చిన ఆర్ట్ డైరెక్టరొకాయన షెడ్డులో కూర్చుని ఎంత బతిమాలాడో!

"ఏంటండీ మాస్టారూ, ఇవి బాణాలా, వెన్న రాసుకునే చాకులా? యుద్ధం సీనండీ! కాస్త ముళ్లు పెట్టండి."

"దిగినంక మళ్ల ఎనుకకు రాని ములికి నేను చెయ్యనయ్యా."

"అయ్యో రామా, ఇది ఫైబరండీ! ఇది తగిలితే దోమైనా చావదు."

"దోమకైనా సరే, చెయ్య."

ఆర్ట్ డైరెక్టరు నెత్తి కొట్టుకుంటూ వెళ్లిపోయాడు. సినిమా ఇంకొకరికి పోయింది. అత్తమ్మ ఆ వారమంతా మామతో మాట్లాడలేదు. మాట్లాడిన రోజు మాత్రం, "ఫైబర్ బాణానికి గూడ దయ చూపెడ్తడు, ఇంట్ల పెండ్లాం మీదనే లేదు ఈ మనిషికి" అంది. మామ తల వంచుకొని ముసిముసిగా నవ్వాడు. ఆయనకు కోపం రావడం నేనెప్పుడూ చూడలేదు, ఒక్క చికెన్ షాపు దగ్గర తప్ప. యూసుఫ్‌గూడలో ఆదివారం అంత లైను ఉన్నా, కొట్టేవాడిని ఆపి, "జర కత్తి నూరు బేటా, నేనాగుత" అనేవాడు. వెనకున్నవాళ్లు గొణిగేవారు. వాళ్ల మీద మాత్రం అంతెత్తున లేచేవాడు. నేను సిగ్గుతో పక్క దుకాణంలోకి దూరేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే ఆ లైన్లో నిలబడాలని ఉంది.

కొన్నేళ్ల కింద అత్తమ్మ పోయింది. షెడ్డు పని మామ కొడుకు, మా బావ, చూసుకుంటున్నాడు. మామకు ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు వచ్చింది. బంజారా హిల్స్‌లో ఒక ఆసుపత్రిలో చేర్చాం. ఒకసారి గొంతులో గొట్టం వేసి మెషిన్ మీద పెట్టారు, తీశారు. తీసిన మర్నాడు, ఇంకా గొంతు సరిగా పెగలని స్థితిలో, నన్నూ బావనూ దగ్గరికి రమ్మన్నాడు.

"మళ్ల గది పెట్టకుండ్రి," అన్నాడు. "గది ముండ్ల ములికి లెక్కున్నది. లోపటికి పోవుడే గాని వచ్చుడు ఉండది. నన్ను ఆ కణితి లెక్క తిప్పకుండ్రి బిడ్డా. ఇంటికి తీస్కపోండ్రి."

బావ బయటికి వెళ్లిపోయాడు. నేను సరేనన్నాను. మళ్లీ ఆయాసం ఎక్కువైనప్పుడు డాక్టరు దాచకుండా చెప్పింది. మెషిన్ పెడితే కొంతకాలం ఊపిరి ఆడుతుంది, కానీ ఈసారి తీసే ఆశ లేదు. వద్దనుకుంటే ఇంట్లోనే ఆయాసం తెలియకుండా మందు ఇవ్వొచ్చు, నర్సును పంపిస్తాను, ఆలోచించుకొని చెప్పండి అంది.

కారిడార్లో బావకూ నాకూ పెద్ద గొడవ. ఇద్దరం ముసలితనానికి దగ్గరపడ్డవాళ్లం, జనం చూస్తున్నారన్న సోయి కూడా లేదు.

"నాయనను నా చేతులతోని సంపుమంటవా? కొడుకును నేను! నీకేం పోయింది?" అన్నాడు.

"నాకేం పోయిందా? నాకు తండ్రెవరు మరి?" అని నేనూ అరిచాను. "ఆయన అడిగిండు. నీ ముంగటనే అడిగిండు. నువ్వు ఇనకుంట బయటికి పోయినవు గాని, ఇన్నవు."

"ఇన్న," అన్నాడు బావ. గోడకు ఆనుకొని అలాగే కిందికి జారి కూర్చున్నాడు. "ఇన్ననే. కానీ నాయన లేకుంట ఎట్లనే?"

  పక్కనే నేల మీద కూర్చొని ఇద్దరం ఏడ్చాం. చివరికి బావే లేచి, ముఖం తుడుచుకొని, డాక్టరమ్మ గదిలోకి వెళ్లాడు.

ఇంటికి తెచ్చాం. తెచ్చిన రోజు నేను అనుకున్నట్టు లేదు. ఆక్సిజన్ పెట్టినా ఆయాసపడ్డాడు, నా మణికట్టు పట్టుకొని గుంజాడు.  అమ్మను చూసినట్టే ఈయననూ చూడాల్సి వస్తుందా, మెషిన్ వద్దని నేనే ఈ మనిషిని నలుపుతున్నానా అనుకుంటూనే నర్సును కేకేశాను. నర్సు వచ్చి నాలుక కింద మందు చుక్కలు వేసింది. మెల్లగా పట్టు వదిలింది. కళ్లు తెరిచి నన్ను చూసి, "తిన్నవా?" అన్నాడు. నాతో అన్న ఆఖరి మాట అదే. లేదంటే బాధపడతాడని, తిన్నానని అబద్ధం చెప్పాను.

బుధవారం పక్క బంగళాలో షూటింగ్. జూబ్లీ హిల్స్‌లో ఇది మామూలే, పొద్దున్నుంచీ జనరేటర్ మోత, గేటు ముందు వ్యాన్లు, అరుపులు. బావ వెళ్లి బతిమాలదామని లేచాడు. అంతలో గోడ అవతల ఎవరో మైకులో, "సైలెన్స్! అందరూ సైలెన్స్ అండీ!" అన్నారు. వీధి వీధంతా ఒక్కసారి ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో మామ ఊపిరి ఒక్కటే వినిపించింది. తొందర లేదు, మూలుగు లేదు. ఒకటి తీశాడు, చాలాసేపటికి ఇంకొకటి తీశాడు. మూడోదాని కోసం నేనూ బావా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అవతల టేక్ అయిపోయి జనరేటర్లు, హారన్లు మళ్లీ మొదలయ్యాయి.

నలగలేదు. అడిగినవాళ్లందరికీ నా జవాబు ఇంతే. నలగలేదు, నా కళ్లతో చూశాను. అయినా నాకు ఏడుపు ఆగడం లేదు, రెండు సంగతులూ నిజమే.

నర్సు నాడి చూసి, తల అడ్డంగా ఊపి, గడియారం వైపు చూసింది.  బావ నాయన పాదాలు పట్టుకొని చూశాడు. "సల్లగైతున్నయే," అన్నాడు. వెళ్లి బీరువాలో వెతికి ఊలు సాక్సులు తెచ్చాడు. మంచం చివర కూర్చుని, ఒక్కో వేలూ సర్దుతూ, మెల్లగా తొడగడం మొదలుపెట్టాడు. నేను వద్దనలేదు. రెండోది మడమ దగ్గర మెలిక పడితే, తీసి మళ్లీ తొడిగాడు.